క్రేన్ మీద గద్ద, చేతిలో ఆట

గద్దకు మనుషులంటే పడదు. పైనుంచి చూసేటప్పుడు ఫరవాలేదు. అంత ఎత్తు నుంచి ఎవరికీ మొహం ఉండదు. ఒక పసుపు టోపీ, దాని కింద నుంచి వంతులవారీగా బయటికొచ్చే రెండు బూట్లు, మనిషంటే అంతే. మొహం లేనివాడితో పేచీ ఏముంటుంది? ఆ టోపీ కింద ఉన్నది ఫలానావాడని గుర్తుపట్టాకే అసలు సంగతి మొదలవుతుంది.

అతని పని టవర్ క్రేన్ నడపడం. ఎక్కడ పెద్ద భవనం లేస్తుంటే అక్కడ, దానికంటే ముందే లేచి నిలబడే ఇనప కొంగ మెడ మీద, ఒక అద్దాల గదిలో ఉంటాడు. పొద్దున్నే నిచ్చెనలు పట్టుకుని ఎక్కాడంటే మళ్ళీ సాయంత్రానికే దిగడం. గాలి వీస్తే గది నిద్రలో ఉన్న పడవలా ఊగుతుంది. కాళ్ళ కింద కూడా అద్దమే. రెండు బూట్ల మధ్య ఊరు మొత్తం పడుకుని ఉంటుంది. కుర్చీకి అటొక లీవరు, ఇటొక లీవరు. కుడిచేతి లీవరును తనవైపు లాగితే కొక్కెం పైకి లేస్తుంది, ముందుకు తోస్తే కిందికి దిగుతుంది. బావిలో చేదలాగే, లాగితే పైకి, వదిలితే కిందికి. ఏళ్ళ తరబడి అదే చేసిన చేతికి అది పని అని కూడా తెలియదు.

గద్ద అని పేరు పెట్టింది కింద పనిచేసేవాళ్ళు. ముద్దుగా పెట్టిందేమీ కాదు. అతనూ ఊరుకోలేదు. కింద రేడియో పట్టుకుని, లోడు ఎటు పోవాలో చెప్పే సిగ్నల్ మేస్త్రికి కొంచెం మేస్త్రి అని పేరు పెట్టాడు. ఆయన నోట ఆ మాట తప్ప మరో కొలత రాదు. కొంచెం ఎత్తు, కొంచెం దించు, ఇంకొంచెం. కొంచెం అంటే జానెడా, బారెడా? అడిగితే చెప్పకపోగా అడిగినందుకు విసుక్కుంటాడు. వాళ్ళిద్దరూ రోజంతా ఒకరి చెవిలో ఒకరు మాట్లాడుకుంటారు. పని ముగిశాక గేటు దగ్గర ఎదురుపడితే మొహాలు తిప్పుకుంటారు.

లోడుకీ లోడుకీ మధ్య ఖాళీ ఉంటుంది. గద్దకు అసలు శత్రువు అదే. కింద కడ్డీలు కట్టలు కట్టాలి, పెద్ద బకెట్టులోకి కాంక్రీటు పోయాలి, అప్పటిదాకా పైవాడికి పనిలేదు. ఫోను చూసుకుందామంటే గేటు దగ్గర పెట్టెలో వదిలేసి రావాలి. క్రేనెక్కేవాడి దగ్గర ఫోను ఉండకూడదని రూలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మబ్బులు చూశాడు. మబ్బులు ఎదురు మాట్లాడవు, కొన్నాళ్ళకు విసుగొచ్చింది. అప్పట్నుంచి తగువులు నెమరేయడం మొదలుపెట్టాడు.

ముందు మేస్త్రితో మొదలయ్యేది. నిన్న వాడన్న మాటకు తను అప్పుడు అనలేకపోయిన జవాబు ఇవాళ దొరికేది. ఆ జవాబుకు వాడేమంటాడో కూడా తనే అనేవాడు. దానికి మళ్ళీ తనే జవాబు. మేస్త్రి అయ్యాక బావమరిది, బావమరిది అయ్యాక భార్య. మధ్యాహ్నానికల్లా ఆ గది నిండా జనం. అందరూ తప్పు చేసినవాళ్ళే, తీర్పు చెప్పేవాడు ఒక్కడే. సాయంత్రం నిచ్చెన దిగే వేళకు కోపం ఉడికి సిద్ధంగా ఉండేది. ఇక ఇంటికెళ్ళి వడ్డించడమే తరువాయి.

ఒక రోజు భార్య తలుపు తీసి, తాళాల గుత్తి ఎక్కడ పెట్టావని అడిగింది. అతను బూట్లు కూడా విప్పకుండా, "మీ అక్కని చూసి నేను నేర్చుకునేదేం లేదు" అన్నాడు.

ఆమె కాసేపు ఆలోచించింది. "నేను అక్క మాట ఎత్తలేదుగా."

"ఎత్తేదానివే."

ఇంతకు ముందైతే ఇక్కడ గొంతులు లేచేవి. ఆ రోజు ఆమె గొంతు లేవలేదు. గుత్తి తనే వెతికి కొక్కేనికి తగిలించి, కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"పైన ఒకత్తిని పెట్టుకున్నావు నువ్వు. నా మొహమే, నా గొంతే. రోజంతా దాంతో పోట్లాడొచ్చి, అది అన్న మాటలకి నన్ను నిలదీస్తావు. ఆవిడగారు అన్నవాటికి నేనెందుకు పడాలి? వెళ్ళి ఆవిడతోనే కాపురం చెయ్యి."

ఆమె ఒక మందుల షాపు కౌంటరులో పనిచేస్తుంది. షాపు యజమాని, ఆమె అక్క ఉండే ఊళ్ళో ఇంకో షాపు తెరుస్తున్నాడు. దాన్ని నువ్వు చూసుకుంటావా అని ఆమెను అడిగాడు. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పమన్నాడు. ఈ సంగతి కూడా ఆమె అప్పుడే చెప్పింది. బెదిరించడానికి కాదు, తెలిసుండాలని చెబుతున్నానంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, భోజనం తర్వాత అని మాత్రలు కవరులో వేసిచ్చేటప్పుడు ఎలా చెబుతుందో అలాగే చెప్పింది. అరిచి ఉంటే అతను తట్టుకునేవాడు. ఆ నిదానానికే భయపడ్డాడు.

బావమరిదికి ఈ సంగతి ఎలా చేరిందో చేరింది. వాడు ఫోనులూ, వీడియో గేములూ అమ్మే షాపులో సేల్స్‌మన్. మనుషులు ఏం కావాలో చెప్పకముందే వాళ్ళకేం కావాలో చెప్పేయడం వాడి వృత్తి. వచ్చీ రాగానే, పైన ఊసుపోకే బావకి ఈ రోగం వచ్చిందని తేల్చేశాడు. చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ కన్సోల్ ఒకటి కొనుక్కుంటే చాలన్నాడు. దానికి సిమ్ ఉండదు, ఎవరూ ఫోను చెయ్యరు, కాబట్టి రూలు దాని జోలికి రాదు.

"ఏడ్చే పిల్లాడికి గిలక్కాయ ఇస్తే ఊరుకుంటాడు బావా. మందు ఒకటే, వయసుని బట్టి సైజు మారుద్ది."

నీ గిలక్కాయ నువ్వే ఆడించుకో అన్నాడు గద్ద. బావమరిది నొచ్చుకోలేదు. వాడికి నొచ్చుకోవడం చేతకాదు, గద్దకు వాడి మీదున్న ప్రధానమైన కోపం అదే. తన సొంత కన్సోలు, గీతలు పడిన పాతది, బల్ల మీద పెట్టాడు. కొన్నాళ్ళు ఆడి చూడు, నచ్చితే షాపుకొచ్చి కొత్తది కొనుక్కో అని లేచి, గుమ్మం దగ్గర ఆగి, "సొంత బావవి కాబట్టి తగ్గించేదేమీ ఉండదు" అని వెళ్ళిపోయాడు.

ఆమె బతిమాలలేదు. మర్నాడు పొద్దున దాన్ని అతని సంచిలో, నీళ్ళ సీసా పక్కన పెట్టింది.

ఆటలో ఒక బుల్లి ఈతగాడు. వాడి నెత్తి మీద మిణుగురంత దీపం. సముద్రం అడుగున చీకటి గుహల్లో, ఎవరో పారేసుకున్న చిన్న చిన్న వెలుగుల్ని ఏరుకుంటూ పోవాలి. వాణ్ణి నడిపేది బొటనవేలి కింద ఉన్న చిన్న పుల్ల. మొదటిసారి గుహ కప్పువైపు లేపుదామని గద్ద పుల్లను తనవైపు లాగాడు, లీవరు లాగినట్టే. ఈతగాడు తిన్నగా అడుక్కి పోయి ఒక ఆక్టోపస్ నోట్లో పడ్డాడు. ఇక్కడ పైకి పోవాలంటే ముందుకు తొయ్యాలి. ఇదేం అడ్డగోలు పద్ధతి అనుకున్నాడు. మళ్ళీ లాగాడు, మళ్ళీ పడ్డాడు. అది గద్దకు అవమానంగా తోచింది. అవమానమంటూ జరిగాక అతను వదిలిపెట్టే రకం కాదు.

నాలుగు రోజులు తిరక్కుండానే బొటనవేలు ఆ కొత్త మర్యాద నేర్చుకుంది. అద్దాల గదిలో జనం పలచబడ్డారు. ముందు మేస్త్రి వెళ్ళిపోయాడు. బావమరిది కొన్నాళ్ళు తలుపు దగ్గర తచ్చాడి వెళ్ళాడు. చివరికి ఆమె, ఆమె మొహమూ గొంతూ పెట్టుకున్న ఆ రెండో ఆమె, కూడా రావడం మానేసింది. చుట్టూ ఆకాశం ఉండగా అతను నీళ్ళలో ఉండేవాడు. రేడియో పిలిచినప్పుడు తేలి, లోడు ఎత్తి దించి, మళ్ళీ మునిగేవాడు.

ఒక సాయంత్రం అతను మొహం గంటు పెట్టుకుని ఇంటికొచ్చాడు. ఇవాళ ఎవరి మీద అని అడిగింది ఆమె.

"ఆక్టోపస్ మీద."

"ఏం చేసిందది?"

"మలుపులో దాక్కుంటుంది. ఎదురుగా వచ్చే దమ్ము లేదు."

"మా తమ్ముడి పోలికన్నమాట" అని ఆమె నవ్వింది. ఆ ఇంట్లో ఆ చప్పుడు విని చాలా కాలమైంది. గద్ద కూడా నవ్వబోయి, ఎవరైనా చూస్తారేమోనన్నట్టు ఆపుకున్నాడు. నెలాఖరుకు కొత్తది కొనేద్దామని ఆ పూటే నిశ్చయించుకున్నాడు. కొనడమంటే ఏదో వస్తువు కొనడం కాదు, ఆమె ప్రయాణం మాన్పించడం. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పైకి అనలేదు.

ఆ తర్వాతి వారం, ఎండ నెత్తికెక్కిన వేళ, గోడలు పోసేందుకు వాడే ఇనప పలకల కట్ట ఒకటి పై అంతస్తుకు వెళ్ళాలి. గద్ద దాన్ని తీసుకెళ్ళి, ఆ అంతస్తులో మేస్త్రి నిలబడిన చోటికి దగ్గరగా, ఆయన తలకి కాస్త పైన ఆపాడు. మేస్త్రి ఒక చెయ్యి కట్ట మీద వేసి సరి చూసుకుంటున్నాడు. అందుకు కాస్త సమయం పడుతుంది. గద్ద ఒళ్ళో ఈతగాడు సరిగ్గా ఆ మలుపు దగ్గరే ఉన్నాడు. ఇవాళ దాని సంగతి తేలిపోవాలి. బొటనవేలు ముందుకు తోసింది, ఈతగాడు లేచాడు.

రేడియోలో "కొంచెం ఎత్తు" అని వినిపించింది.

గద్ద కుడిచెయ్యి లీవరు మీదికి వెళ్ళి, ముందుకు తోసింది.

కట్ట దిగింది. జానెడు దిగిందో లేదో, దాని అంచు మేస్త్రి టోపీకి తగిలి ఎగరగొట్టింది. టోపీ స్లాబు అంచు దాటి, తీరిగ్గా తిరుగుతూ, ఒక్కో అంతస్తునూ పలకరిస్తున్నట్టుగా కిందికి పోయింది. ఈలోగా చెయ్యి దానంతటదే లీవరును వెనక్కి లాగేసింది. గద్ద కాళ్ళ కింది అద్దంలోంచి చూశాడు. టోపీ లేని తల. నడినెత్తిన జుట్టు పలచబడి, చెమటకు మెరుస్తోంది. ఆ తల మెల్లగా పైకి లేచింది. దానికొక మొహం ఉంది.

రేడియోలో మేస్త్రి గొంతు, ఎప్పుడూ లేనంత చిన్నగా:

"నేను... దించమన్నానా?"

గద్దకు అన్నీ తెలిసొచ్చాయి. అన్నావు అని ఒక్క మాట అంటే చాలు. మేస్త్రి తన మీద తనే అనుమానంలో ఉన్నాడు. ఇన్నేళ్ళ కొంచేలన్నీ సాక్ష్యానికి వరసలో నిలబడి ఉన్నాయి. కన్సోలు సంచిలోకి పోతుంది, ఎవరికీ తెలియదు, ఇల్లు నిలబడుతుంది. ఒళ్ళో ఆక్టోపస్ ఈతగాణ్ణి మింగేసి, మళ్ళీ ఆడతావా అని అడుగుతోంది.

"లేదు" అన్నాడు గద్ద. "ఎత్తమనే అన్నావు. చెయ్యి తప్పింది నాది."

"ఏం నాటకం ఇది?" అన్నాడు మేస్త్రి. గద్ద తప్పు ఒప్పుకోవడం, పలకల కట్ట నెత్తి మీదికి దిగడం కంటే ప్రమాదంగా తోచింది ఆయనకు.

సాయంత్రం నిచ్చెన అడుగున ఆయన కాచుకుని ఉన్నాడు. చేతిలో సొట్టపడిన టోపీ. పైన నీ దగ్గర ఏముందో చూపించమన్నాడు. గద్ద సంచిలోంచి తీసి చూపించాడు. మేస్త్రి దాన్ని చచ్చిన ఎలకను చూసినట్టు చూశాడు. ఇక దాచడమెందుకని గద్ద మొత్తం చెప్పేశాడు. పైన నెమరేసే తగువులూ, ఇంట్లో ఆమె అన్న మాటలూ, నెలాఖరు గడువూ, దీన్ని కొనాలనుకోవడమూ అన్నీ చెప్పాడు. ఆ మాటలు చెప్పుకోవడానికి ప్రపంచంలో తనకు గిట్టనివాడే దొరికాడేమిటా అని చెబుతున్నంతసేపూ చిరాకుపడుతూనే ఉన్నాడు.

"నీ కాపురం నిలబడ్డానికి నా నెత్తా పెట్టుబడి?" అన్నాడు మేస్త్రి.

ఇక మేస్త్రి వెళ్ళిపోతాడనుకున్నాడు గద్ద. మేస్త్రి వెళ్ళలేదు. టోపీని అటూ ఇటూ తిప్పుతూ, ఇంజనీరుకి చెబితే రేపట్నుంచి నువ్వు ఏ క్రేనూ ఎక్కవన్నాడు. చెప్పను, అదీ నీ మీద ప్రేమతో కాదన్నాడు. నీ చోట్లోకి ఎవడొస్తాడో, వాడి కుళ్ళు ఎలాంటిదో, నీ కుళ్ళయితే నాకు అలవాటైందన్నాడు.

ఆ తర్వాత నేల చూస్తూ, "పైన కూర్చుని నన్ను తిట్టుకుంటావని నాకు తెలీదా? కింద నిలబడి నేనూ అదే పని. రేడియో ఉందిగా. ఆ తిట్టేదేదో నాకు వినబడేలా తిట్టు. ఇంటికి మోసుకెళ్ళడం దేనికి?" అన్నాడు.

మర్నాడు కొక్కెం ఖాళీగా వేలాడుతున్నప్పుడు, పనికి వాడని ఇంకో చానల్లో రేడియో పలికింది. ఉన్నావా అని మేస్త్రి అడిగాడు. ఎక్కడికి పోతానని గద్ద అన్నాడు. ఇద్దరూ బిగుసుకుపోయారు. కొత్తగా పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టుంది. చివరికి గద్దే, ఏళ్ళ తరబడి నానుతున్న ప్రశ్న మళ్ళీ బయటపెట్టాడు. నీ కొంచెం అంటే ఎంత?

"నీ బుర్రంత."

అలా మొదలైంది. గద్దకు ఒక్కటి మాత్రం మింగుడు పడలేదు. తను లోపల పేర్చిపెట్టుకున్న జవాబులకు సరిపోయే మాట మేస్త్రి ఒక్కటీ అనడు. తను ఊహించిన మేస్త్రి ఎప్పుడూ ఓడిపోయేవాడు. ఈ మేస్త్రి ఓడడు సరికదా, ఎక్కడెక్కడివో తవ్వి తీస్తాడు. ఒక రోజు ఉన్నట్టుండి, మా అమ్మ పోయి నేను మళ్ళీ పనిలోకి వచ్చిన పొద్దున నువ్వన్న మొదటి మాట ఏంటో గుర్తుందా అని అడిగాడు. గద్దకు గుర్తులేదు. లోడు సిద్ధమా అన్నావు, అంతే అన్నాడు మేస్త్రి.

"నాకెవరూ చెప్పలేదు" అన్నాడు గద్ద.

"నువ్వు అడిగావా? అన్ని రోజులు ఎక్కడికి పోయావని?"

గద్ద మబ్బులకేసి చూశాడు. ఈలోగా కింద లోడు సిద్ధమైంది. మేస్త్రి చానల్ మార్చి, ఏమీ జరగనట్టు కొంచెం ఎత్తమన్నాడు. గద్ద లీవరును తనవైపు లాగాడు.

నెలాఖరున కన్సోలు తిరిగిచ్చేద్దామని బావమరిది షాపుకు వెళ్ళాడు. నిజానికి ఇవ్వడానికా, కొనడానికా, అతనికే తెలియదు. రేడియోలో తిట్టుకోవడం ఎంత కాలం సాగుతుంది? రేపు మేస్త్రికి విసుగొస్తే? ఆ పాత జనం మళ్ళీ గదిలోకి వస్తే? బావమరిది నలుగురు కొనేవాళ్ళ ముందు, రా బావా, గిలక్కాయ అరిగిపోయిందా అని పలకరించాడు. గద్ద పళ్ళు నూరుకుంటూ జరిగింది క్లుప్తంగా చెప్పాడు. వాడు నెత్తి కొట్టుకుని నవ్వాడు. ఇంతేనా, సెట్టింగుల్లో తిప్పేస్తే పోయేదిగా అంటూ తెర మీద అక్కడా ఇక్కడా నొక్కి చేతికిచ్చాడు. గద్ద పుల్లను తనవైపు లాగాడు. ఈతగాడు పైకి లేచాడు. ముందుకు తోశాడు, దిగాడు. అచ్చం క్రేను. చెయ్యి ఎంత సంతోషపడిందంటే, అది తన చెయ్యేనా అనిపించింది.

"ఇంక చెయ్యి తప్పదు. కొత్తది కట్టించనా?"

నీలం నీళ్ళలో ఆ బుల్లి దీపం అటూ ఇటూ ఊగుతోంది. గద్ద దాన్నే చూస్తూ నిలబడ్డాడు. చెయ్యి సరే. ఆ మధ్యాహ్నం కళ్ళెక్కడున్నాయి? చెయ్యి తప్పకపోయినా, పలకల కట్ట పక్కన ఒక మనిషి నిలబడ్డాడన్న ధ్యాస తనకు లేదు. టోపీ ఎగిరిపోయాకే కనిపించాడు. దాన్ని తిప్పడానికి ఇందులో సెట్టింగు లేదు.

వద్దని కన్సోలు బల్ల మీద పెట్టాడు.

బావమరిది నవ్వు మానేశాడు. "అక్క వెళ్ళిపోద్ది బావా."

"అది మేం చూసుకుంటాం."

"చూసుకోలేకే కదా ఇక్కడిదాకా వచ్చారు."

వాడి మొహాన కొట్టాల్సినంత మాట. గద్ద కొట్టలేదు, జవాబు వెతుక్కోనూ లేదు. బయటికొచ్చి ఇంటిదారి పట్టాడు.

ఆమె వసారాలో కూర్చుని ఉంది. కొన్నావా అని అడిగింది. లేదన్నాడు. ఆమె తల ఊపి లోపలికి వెళ్ళబోయింది. ఆగమని, పలకల కట్ట సంగతి చెప్పాడు. ఇన్నాళ్ళూ దాచిన సంగతి అది. టోపీ తిరుగుతూ కిందికి పోవడం గురించి చెప్పేటప్పుడు ఆమె వెనక్కొచ్చి కూర్చుంది.

"సంచిలో పెట్టింది నేనే" అంది.

"ఆడింది నేను."

మేస్త్రి గురించీ, రేడియో గురించీ కూడా చెప్పాడు. చెబుతుంటే గొంతు జీరపోయింది. ఆ రోజంతా అరిచి అరిచి బొంగురుపోయి ఉంది. ఆమె నీళ్ళు తెచ్చిచ్చి, అతను తాగేదాకా నిలబడి, అడిగింది.

"ఇవాళ పైన నేనేమన్నాను?"

గద్ద గుర్తుచేసుకోవడానికి నిజంగానే ప్రయత్నించాడు. "ఇవాళ నువ్వు రాలేదు. వాడు నోరు మూస్తేగా."

"రేపు?"

"రేపటి సంగతి నాకు తెలీదు."

ఇది ఆమె ఎదురుచూసిన జవాబు కాదు. అబద్ధమూ కాదు. ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. కాసేపటికి ఫోనులో ఆమె గొంతు వినిపించింది. మందుల షాపు యజమానితో, కొత్త షాపుకు ఇంకెవరినైనా చూసుకోమని చెబుతోంది. తిరిగొచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"నీకోసమేం కాదు. అక్కతో ఒకే కప్పు కింద నాకు వారం కూడా పొసగదు."

అతను సరే అన్నట్టు తలాడించాడు.

"ఆ మేస్త్రికి పెళ్ళాం ఉందా?"

"ఉంది."

"రేపు పోట్లాడేటప్పుడు అడుగు, ఆవిడ ఎలా ఉందో."

"అడిగితే తిడతాడు."

"తిట్టనీ" అందామె. "అడుగు."